వెండి కట్టు విప్పిన చెయ్యి

పోయిన వారం మనం టైలరమ్మను ఒక చేతిలో కత్తెరతో, ఇంకో చేతిలో సెలైన్ సీసాతో, కునుకు తీస్తున్న మొగుడి కాళ్ళ దగ్గర వదిలేసి వచ్చాం. వదిలేసి వచ్చాం కదా అని ఆవిడ ఆగిందేమీ లేదు. ఆ తర్వాత అదే రోజువారీ వ్యవహారమైపోయింది. మధ్యాహ్నం షాపు షట్టరు సగానికి దింపుతుంది. టైలరు పడక కుర్చీలో వాలి, కాలు స్టూలు మీద పెట్టుకుని కళ్ళు మూస్తాడు. ఎదురుగా గిరాకీలు కొత్త చొక్కా తొడుక్కుని చూసుకునే నిలువుటద్దం, పక్కన బట్ట కత్తిరించే బల్ల, దానికింద దారపు ఉండల డబ్బా. ఆ డబ్బా వెనకనుంచి సీసా బయటికి వస్తుంది. టైలరమ్మ పిల్లిలా వచ్చి పైకట్టు విప్పుతుంది, లోపలి పట్టీ మీద సెలైన్ పోస్తుంది, మళ్ళీ ఎప్పట్లా చుట్టి టేపు అంటిస్తుంది. ఆయన గురక కూడా మారదు.

ఈ వారమే మన వీధిలో అడుగుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. టైలరుకి షుగరు. కుడి అరికాల్లో పుండు. మొదట్లో విరిగిన సూదిముక్క ఒకటి దిగితే ఆయనకి తెలియనే లేదు, ఎందుకంటే ఆ కాలికి స్పర్శ పోయి చాలా కాలమైంది. మిషను తొక్కేది ఆ కాలే, పుండు మానేదాకా తొక్కొద్దన్నారు ఆస్పత్రిలో. నెలల తరబడి దానికి రోజూ కట్టు కట్టింది టైలరమ్మే. ఆస్పత్రిలో దగ్గరుండి మరీ నేర్చుకుంది. చేతులు ఎలా కడుక్కోవాలి, దూది ఎందుకు పెట్టకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా, పుండుకి మామూలు నీళ్ళు తగలనివ్వకూడదు, సెలైన్ ఒక్కటే పొయ్యాలి. ఈ చివరి మాట ఆవిడకి కంఠతా వచ్చేసింది, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

అయినా పుండు మానలేదు, చీము పట్టింది. కాళ్ళ డాక్టరు పెదవి విరిచి, ఇళ్ళకి వెళ్ళి కట్లు కట్టే నర్సును పంపించాడు. ఆవిడ తెచ్చింది వెండి పట్టీ. చూడ్డానికి నల్లటి గుడ్డముక్క. అందులో ఉన్న వెండి, తడి తగిలినకొద్దీ కొంచెం కొంచెంగా బయటికొచ్చి పుండులోని క్రిములను చంపుతుందట. "నేను మళ్ళీ వచ్చేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు, ఆంటీ" అని చెప్పి వెళ్ళింది నర్సు. ఆ ఒక్క మాటతో టైలరమ్మ చేతులు ఖాళీ అయిపోయాయి.

పైగా ఆంటీ! ఆయనేమో 'మాస్టారు', తనేమో 'ఆంటీ'. ఆ నర్సుకి తనకన్నా మహా అయితే పదేళ్ళు తక్కువుంటాయి. ఆ రోజునుంచి టైలరమ్మ తనలో తాను ఆవిడకి 'వెండమ్మ' అని పేరు పెట్టుకుంది. పైకి మాత్రం సిస్టర్ గారూ అనే పిలుస్తుంది.

ఇవాళ వెండమ్మ వచ్చే రోజు. ఆ సంగతి కాలెండరు చూడకుండానే చెప్పొచ్చు. టైలరు పొద్దున్నే గడ్డం గీసుకుంటాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, తల దువ్వి పాపిడి కూడా సరిచేసుకుంటాడు.

"ఇవాళ గడ్డమెందుకండీ?" అంది టైలరమ్మ, తెలియనట్టు.

"సిస్టర్ ఫోటో తీస్తుంది కదోయ్. డాక్టరుకి పంపాలి."

"ఫోటో తీసేది అరికాలికి."

"ఏమో, ఓ పక్కన మొహం కూడా పడుతుందేమో" అన్నాడు ఆయన, అద్దంలోకి చూసుకుంటూ.

ఆవిడ ఒళ్ళు మండింది. మంట చల్లారకముందే మేడమీద ఉండే ఆడపడుచు మెట్లు దిగి వచ్చింది. ఇలాంటి సమయం చూసి దిగడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి.

"ఏమే మరదలా, మా తమ్ముడు పెళ్ళి రోజున కూడా ఇంత నున్నగా లేడే!"

"అప్పుడు కాలికి కట్టు కట్టేవాళ్ళెవరూ రాలేదు కదా, వదినా" అంది టైలరమ్మ. ఆడపడుచు పకపకా నవ్వింది. టైలరు నవ్వలేదు. టైలరమ్మ ఆ సంగతిని కూడా వెండమ్మ ఖాతాలోనే వేసింది.

నిజానికి ఆ ఖాతాలో అప్పటికే చాలా ఉన్నాయి. తను కట్టు విప్పితే ఆయన "అబ్బ, మెల్లిగా" అంటాడు. స్పర్శే లేని కాలికి మెల్లిగా ఏమిటి? వెండమ్మ విప్పితే కిక్కురుమనడు. తను కట్టినన్నాళ్ళూ ఆయన కళ్ళు పేపరులో ఉండేవి. వెండమ్మ కడుతుంటే ప్రతి పొరా చూస్తాడు, ఏదో అడుగుతాడు. తను టీ తీసుకుని లోపలికి రాగానే ఇద్దరూ మాట ఆపేస్తారు. ఇది మాత్రం అన్నిటికన్నా పెద్ద నేరం. రెండు కప్పులు బల్లమీద పెట్టి వెనక్కి తిరిగితే చాలు, మళ్ళీ గుసగుసలు. 

ఇంతకీ సెలైన్ ఎందుకు పోసిందంటారా? వెండమ్మ పట్టీ పెట్టేముందు దాన్ని ఒక చిన్న సీసాలోని నీళ్ళతో తడుపుతుంది. ఒకసారి ఆ సీసా అడుగున మిగిలిన చుక్కను టైలరమ్మ వేలిమీద తీసుకుని నాలుకకు రాసుకుంది. సెలైన్‌లా ఉప్పగా లేదు. ఉత్త నీళ్ళు! ఇన్నాళ్ళూ తనకి నేర్పిందేమిటి, ఈవిడ చేస్తున్నదేమిటి? ఇంత చదువుకుని పుండుకి ఉత్త నీళ్ళు పోస్తోందా? మర్నాటికి పట్టీ ఆరినట్టు అనిపించింది. ఆరకూడదని వెండమ్మే చెప్పింది కదా, మరి తడపాలి కదా, తడిపేదేదో సెలైన్‌తోనే తడుపుదాం అనుకుంది.

అడిగితే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. కానీ అడిగితే వెండమ్మ జవాబు చెబుతుంది. చెబితే ఆయన "చూశావా, సిస్టర్‌కి ఎంత తెలుసో" అంటాడు. ఆ ఒక్క మాట వినాల్సి వస్తుందని టైలరమ్మ అడగలేదు. ఇంకో సంగతి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. పుండు మానితే అది తన సెలైన్‌తోనే మానాలి. ఎవరికీ తెలియకపోయినా ఫరవాలేదు, తనకి తెలిస్తే చాలు.

మధ్యాహ్నం షట్టరు సగం దించాక నర్సు రానే వచ్చింది. చెప్పులు గుమ్మం బయట వదిలి, సంచీ స్టూలు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని తొడుగులు వేసుకుంది.

"ఎలా ఉన్నారు మాస్టారూ?"

"మీరే చెప్పాలి సిస్టర్, విప్పి చూసి."

టైలరమ్మ కత్తిరించే బల్ల దగ్గర నిలబడి గుండీల డబ్బా ముందేసుకుంది. తెల్లవి ఒకవైపు, నల్లవి ఒకవైపు వేరు చేస్తున్నట్టు నటిస్తూ చెవులు రెండూ అటే పెట్టింది. పైకట్టు విప్పింది నర్సు. గాజుగుడ్డ తీసింది. వెండి పట్టీ అంచు పట్టుకుని ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

వాసన బల్లదాకా వచ్చింది. నెలల తరబడి ఆ పుండు చూసిన ఆడమనిషి కదా, టైలరమ్మకి అది ఏం వాసనో ఎవరూ చెప్పక్కర్లేదు.

నర్సు కాగితపు స్కేలు తీసి పుండు పక్కన పెట్టింది. పొడవు చూసింది, అడ్డంగా చూసింది, మళ్ళీ పొడవు చూసింది. ఫోటో తీసి డాక్టరుకి పంపింది. ఈసారి టైలరు పాపిడి సర్దుకోలేదు.

"పెరిగిందా?" అన్నాడు.

"పెరిగింది మాస్టారూ."

టైలరమ్మకి సంతోషం వేసింది. దాచడమెందుకు, వేసింది. అది రెప్పపాటే ఉండి ఉండొచ్చు, కానీ ఉంది. ఇన్నాళ్ళూ తన చేతికే కదా చెడ్డపేరు పడింది! ఇప్పుడు వెండి తెచ్చిన చేతికీ అదే గతి పట్టింది. ఆ తర్వాత ఆయన మొహం చూసింది. నున్నగా గీసిన ఆ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ చేతిలోని గుండీలు డబ్బాలోకి జారిపోయాయి.

"కాలు గానీ తడిపారా?" అని అడుగుతోంది నర్సు.

"లేదమ్మా. కవరు కట్టుకునే స్నానం చేస్తున్నాను."

"మరి ఇదేమిటి?" నర్సు పట్టీని వెలుతురులోకి ఎత్తి చూపించింది. నల్లగా ఉండాల్సిన పట్టీ మీద తెల్లటి పొర. "నా చేతిమీదుగా ఇలాంటివి ఎన్ని కట్టానో. ఇలా ఎప్పుడూ రాలేదు. ఇంట్లో ఎవరైనా దీనిమీద సెలైన్ పోశారా?"



"పోస్తే ఏమవుతుంది?" అంది టైలరమ్మ.  "పుండుకి సెలైనే కదా మంచిది."

"మామూలు కట్టుకి మంచిదే, ఆంటీ. దీనికి కాదు. సెలైన్ అంటే ఉప్పునీళ్ళు. ఆ ఉప్పు పట్టీలోని వెండిని పట్టేసుకుంటుంది, ఇక అది పుండులోకి దిగదు. పట్టీ ఉత్త గుడ్డముక్క కింద లెక్క. అందుకే కదా నేను ఉప్పు లేని నీళ్ళతో తడిపేది. దానికితోడు మాటిమాటికీ విప్పితే బయటి క్రిములు కూడా చేరతాయి."

టైలరమ్మ కళ్ళు బల్ల కిందికి పోయాయి. దారపు ఉండల డబ్బా వెనక సీసా ఉంది. ఒక్క అడుగు వేస్తే కాలికి తగిలేంత దగ్గరలో ఉంది. చెప్పేయొచ్చు. నోరు తెరిచింది కూడా. కానీ ఎదురుగా వెండమ్మ, తొడుగులు వేసుకున్న చేతులతో, ఆయన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ ముందు, ఆయన వింటుండగా, నేనే పోశానని చెప్పాలా? చేతులు మళ్ళీ గుండీల డబ్బాలోకి పోయాయి.

"మా ఇంట్లో ఎవరు పోస్తారు సిస్టర్" అన్నాడు టైలరు. భార్యవైపు చూడలేదు. "ఎవరూ పొయ్యలేదు."

"అయితే వెండి పనిచెయ్యలేదన్నమాట" అంది నర్సు. పుండు శుభ్రం చేసి, మామూలు గాజుగుడ్డ పెట్టి కట్టు కట్టింది.  చివర్లో ఆయన కొంచెం ముందుకి వంగి, గొంతు తగ్గించి, "మరి సోమవారం సంగతి?" అన్నాడు. నర్సు కళ్ళతోనే వద్దని సైగ చేసింది.

ఆ సైగ టైలరమ్మ చూసింది. ఇంత జరిగాక కూడా గుసగుసలా! భయం, సిగ్గు అన్నీ ఎక్కడికి పోయాయో, అరికాలి మంట నెత్తికెక్కింది. నర్సు సంచీ భుజాన వేసుకుని బయటికి నడవగానే వెనకాలే వెళ్ళి, గేటు దగ్గర దారికి అడ్డంగా నిలబడింది.

"ఒక్క మాట, సిస్టర్ గారూ. మా ఆయనకీ మీకూ మధ్య రహస్యాలేమిటి?"

"రహస్యాలా?"

"నేను రాగానే మాట ఆపేస్తారు. ఇప్పుడు సోమవారమంటారు. మీరు వచ్చే రోజున ఆయన గడ్డం గీసుకుంటారు. నాకు కళ్ళు లేవనుకుంటున్నారా?"

నర్సు ఆవిడవైపు అలాగే చూసింది. మొదట కోపం వచ్చినట్టుంది, తర్వాత అది కాస్తా వేరే ఏదో అయింది.

"ఆయన మీకు చెప్పలేదా, ఆంటీ?"

"ఏం చెప్పాలి?"

"సోమవారం ఆపరేషన్. పాదంలో ముందుభాగం తీసేస్తారు."

టైలరమ్మ గేటు ఊచ పట్టుకుంది.

"ఇవాళో నిన్నో అనుకున్నది కాదు" అంది నర్సు. "నేను మీ ఇంటికి రాకముందే డాక్టరు గారు తీసెయ్యాల్సిందే అన్నారు. వెండి పట్టీతో ఒక్కసారి ప్రయత్నిద్దామని నేనే బతిమాలాను. సోమవారం లోపు కొలత తగ్గితే కొయ్యక్కర్లేదు అన్నారు. మీకు మాత్రం చెప్పొద్దని మాస్టారు నా దగ్గర మాట తీసుకున్నారు. ఇన్నాళ్ళూ కట్టు కట్టింది ఆవిడ, తన చేతిలోనే కాలు పోయిందని కుమిలిపోతుంది, తగ్గిపోతే అసలు చెప్పాల్సిన పనే ఉండదు కదా అన్నారు. మేమిద్దరం మాట్లాడుకునేది అదే. నేను వచ్చినప్పుడల్లా ఆయన అడిగేది ఒక్కటే, తగ్గిందా అని."

"మరి గడ్డం?"

అంత బాధలోనూ ఆ ప్రశ్నే వచ్చింది ఆవిడ నోట. ఏం చేస్తాం.

"ఫోటోలో మొహం పడితే డాక్టరు గారు చూడాలట. మనిషి ఇంకా గట్టిగానే ఉన్నాడు, తొందరపడి కొయ్యక్కర్లేదు అనుకోవాలట." నర్సు మొహం పక్కకి తిప్పుకుంది. "మొదట్లో తగ్గింది కూడా, ఆంటీ. రెండుసార్లు వరసగా తగ్గింది. ఆ తర్వాతే ఏమైందో నాకు అంతుపట్టడం లేదు."

రెండుసార్లు తగ్గింది. అంటే తను సీసా తియ్యకముందు. టైలరమ్మకి వీధి అంతా ఒకసారి తిరిగినట్టయింది. ఎదురింటి మేడమీద ఎవరో బట్టలు దులుపుతున్న చప్పుడు, సైకిలు బెల్లు, అన్నీ మామూలుగానే ఉన్నాయి.

"నేనే" అంది.

"ఏమిటి?"

"సెలైన్ పోసింది నేనే. రోజూ మధ్యాహ్నం ఆయన పడుకున్నాక విప్పి పోశాను."

నర్సు భుజం మీది సంచీ జారింది. "ఎందుకు?"

"మీరంటే పడక." ఇక ఆగలేదు టైలరమ్మ. "నేను అన్నాళ్ళు చేస్తే రాని పేరు మీకు నాలుగు రోజుల్లో వచ్చింది. ఆయన కాలు ఒకప్పుడు నా ఒళ్ళో ఉండేది. మీరొచ్చి ముట్టుకోవద్దన్నారు. నాకు చెయ్యడానికి ఏమీ లేకుండా పోయింది. మీ నీళ్ళు ఉత్త నీళ్ళని, నాకే బాగా తెలుసని అనుకున్నాను. అసూయ అనండి, ఏమైనా అనండి."

"నామీద కోపముంటే నన్ను తిట్టాల్సింది" అంది నర్సు. గొంతు పెంచలేదు, కానీ ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది. "గుమ్మంలోనే ఆపేసి, మా ఇంటికి రావద్దు పొమ్మనాల్సింది. నేను పోయేదాన్ని. ఆయన కాలు మీకేం చేసింది?"

 టైలరమ్మకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి గానీ, ఇవి కార్చడానికి తనకి ఇప్పుడు హక్కు లేదనిపించి మింగేసింది.

"ఇంకో పట్టీ ఉందా?" అని అడిగింది.

"నా దగ్గర ఉంది. కానీ పెట్టాలంటే డాక్టరు గారు ఒప్పుకోవాలి. వెండి పనిచెయ్యక పుండు పెరిగిందా, పనిచెయ్యనివ్వక పెరిగిందా, ఆయనకి అది చాలా తేడా. ఈ మాట నేను చెబితే ఆయన నమ్మరు, నా తప్పు కప్పిపుచ్చుకుంటున్నాననుకుంటారు. మీరే చెప్పండి." నర్సు ఫోన్ తీసి, నంబరు నొక్కి, ఆవిడ చేతిలో పెట్టింది.

వెండమ్మ ఫోన్ ఇంకా వెచ్చగా ఉంది. అవతల రెండు మూడుసార్లు మోగింది.

"చెప్పు సిస్టర్."

"సిస్టర్ కాదండీ, నేను టైలరు గారి భార్యని. ఆ పట్టీ పాడు చేసింది నేనండీ. తెలియక రోజూ సెలైన్ పోశాను. సిస్టర్ తప్పేమీ లేదు, వెండి తప్పూ లేదు. ఒక్క అవకాశం ఇప్పించండి. ఇక నా చెయ్యి ఆ కాలి దరిదాపులకి కూడా పోదు. ఒట్టు."



"ఆ సంగతి తెలుసమ్మా" అన్నాడు డాక్టరు. "మీవారు ఇప్పుడే ఫోన్ పెట్టేశారు. సెలైన్ గురించి మొత్తం చెప్పారు. రోజూ చూస్తూనే ఉన్నారట."

"చూస్తూనే ఉన్నారా?"

"అలాగైతే ఇంకో పట్టీ వేసి చూద్దామని నేనే అన్నాను. ఆయనే వద్దన్నారు. సోమవారం దాకా కూడా ఆగొద్దు, రేపే తీసెయ్యండి అన్నారు."

"ఎందుకండీ? ఎందుకలా అన్నారు?"

"నేనూ అదే అడిగానమ్మా. కాలు తీసేస్తే ఈ వెండి గొడవ ఉండదు, సిస్టర్ రానక్కర్లేదు, ఇక రోజూ కట్టు కట్టేది మా ఆవిడే కదండీ, అన్నారు."

ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది. డాక్టరు ఇంకేదో అంటున్నాడు గానీ అది ఆవిడకి ఎక్కలేదు. సగం దించిన షట్టరు కిందినుంచి షాపు లోపల నిలువుటద్దం కనిపిస్తోంది. అందులో పడక కుర్చీ, కుర్చీ ముందు స్టూలు, అంతా పటం కట్టినట్టు కనిపిస్తున్నాయి. ఆ కుర్చీలో వాలినవాడికి, కళ్ళు ఏ కాస్త తెరిచినా, స్టూలు దగ్గర కూర్చున్న మనిషీ, ఆ మనిషి చేతిలోని సీసా కూడా అద్దంలో కనిపిస్తాయని ఆవిడకి ఇప్పుడు తట్టింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

"ఏమండీ!" అని పిలిచింది టైలరమ్మ.  లోపల మిషను కదిలిన చప్పుడు మాత్రం వినిపించింది, మొదట మెల్లిగా, తర్వాత జోరుగా. ఆ మిషను తొక్కడానికి ఆయనకి కుడికాలు తప్ప వేరే అలవాటు లేదు.